కొరియా గారండ్ల కోసం ఎదురుచూడాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. చాలా ఏళ్లుగా డాలస్ పక్కన ప్లేనోలో ఉంటున్నాం. ఈ మధ్యే గ్రీన్ కార్డు వచ్చింది. మా తాతగారు సైన్యంలో పనిచేశారు. చిన్నప్పుడు కానిస్టేబుళ్ల భుజాన చూసిన త్రీ నాట్ త్రీ మీద మోజు ఇప్పటికీ పోలేదు. పాత సైనిక రైఫిళ్లు నాలుగైదు సేకరించాలని ఉంది. ఒకప్పుడు అమెరికా సైన్యం వాడిన గారండ్ రైఫిళ్లు దక్షిణ కొరియా నుంచి వేలకొద్దీ త్వరలో వస్తాయని, అప్పుడు ధరలు పడిపోతాయని ఇక్కడి దుకాణదారు చెబితే 3,000 డాలర్లు పక్కన పెట్టి ఆగాను. ఇంకా ఆగాలా? మన పోలీసులు పక్కన పెట్టేసిన త్రీ నాట్ త్రీలు అమెరికాకు వస్తాయా? ఎప్పటికైనా ఒకటి మా ఊరికి తీసుకెళ్లి నాన్నగారికి ఇవ్వవచ్చా? హెచ్-1బీ వీసా మీద ఉన్న మా బావమరిది కూడా నాతో కలిసి కొంటానంటున్నాడు. ఇవి కొని పెట్టుకుంటే పెట్టుబడిగా పనికొస్తాయా?

— ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: ఆగకండి. కొరియా గారండ్లు వస్తున్నాయన్న మాట అమెరికా తుపాకీ దుకాణాల్లో 2009 నుంచీ తిరుగుతోంది. మీ దుకాణదారు అబద్ధమాడాడని నేను అనను. ఆ రైఫిళ్లు ఉన్నమాట నిజం, వాటిని అమ్ముకోవాలని కొరియా చూసిన మాటా నిజం. రానివ్వకుండా ఆపింది మధ్యలో ఉన్న అనుమతి పత్రం. అది ఎవరి చేతిలో ఉందో తెలిస్తే ఇలాంటి కబుర్లను ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది.

మీ ఊరి నడిబొడ్డు నుంచే మొదలుపెడదాం. 1963 నవంబర్ 22న డాలస్‌లో అధ్యక్షుడు కెనెడీని కాల్చిన రైఫిల్ ఇటలీ సైన్యం వదిలించుకున్న కార్కానో. షికాగోలోని ఒక క్రీడా సామగ్రి దుకాణం పత్రికలో ప్రకటన ఇస్తే, టెలిస్కోప్‌తో కలిపి 19 డాలర్ల 95 సెంట్లకు తపాలాలో తెప్పించుకున్నాడు హంతకుడు ఆస్వాల్డ్. ఆ రోజుల్లో అది వింతేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక యూరప్ సైన్యాల గిడ్డంగుల్లో పేరుకుపోయిన రైఫిళ్లను శామ్యూల్ కమింగ్స్ వంటి వ్యాపారులు కారుచౌకగా కొని, వర్జీనియాలోని అలెగ్జాండ్రియా రేవులో గుట్టలుగా దించేవారు. వీటి దెబ్బకు తమ వేట తుపాకులు అమ్ముడుపోవడం లేదని అమెరికా తయారీదారులు అప్పటికే గోలపెడుతున్నారు. 1968లో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం విదేశీ సైనిక మిగులు దిగుమతికి తలుపు మూసేసింది. ప్రజల భద్రత కోసమే మూశారని చెబుతారు కానీ, తలుపు మూయడంలో స్వదేశీ కంపెనీల చేయి లేదని నేననుకోను.

ఆ తలుపు 1984లో సగం తెరుచుకుంది. సెనెటర్ బాబ్ డోల్ చొరవతో వచ్చిన సవరణ ప్రకారం పురావస్తువుల కోవలోకి వచ్చే రైఫిళ్లను, షాట్‌గన్‌లను లైసెన్సున్న దిగుమతిదారు తెప్పించుకోవచ్చు. ఆ కోవలోకి రావడానికి తేలికైన దారి వయసు: తయారై యాభై ఏళ్లు నిండి, అసలు రూపంలోనే ఉండాలి. మీరు చూసిన చవక మౌజర్లు, రష్యా మోసిన్-నాగాంట్లు, యుగోస్లావియా, స్విట్జర్లాండ్ రైఫిళ్లు అన్నీ ఈ సందులోంచి వచ్చినవే.

అమెరికాలోనే తయారై విదేశాలకు వెళ్లిన ఆయుధాల విషయంలో ఈ సందు ఒక్కటే చాలదు. సహాయంగా ఇచ్చినా, అమ్మినా, ఆ సైనిక ఆయుధాన్ని పుచ్చుకున్న దేశం మరొకరికి అమ్మాలంటే అమెరికా విదేశాంగ శాఖ సరేననాలి. ఆయుధాల ఎగుమతి చట్టం పెట్టిన ఈ రెండో గడప దగ్గరే కొరియా గారండ్లు ఆగిపోయాయి.

గారండ్‌ను అమెరికా సైన్యం 1936లో స్వీకరించింది. ఎనిమిది తూటాల క్లిప్పును పైనుంచి నొక్కి పెడితే, ట్రిగ్గర్ లాగినప్పుడల్లా ఒక్కొక్కటి పేలుతుంది. మొత్తం యాభై నాలుగు లక్షల దాకా తయారయ్యాయి. 1950లో కొరియా యుద్ధం వచ్చినప్పుడూ, ఆ తర్వాతా దక్షిణ కొరియా సైన్యానికి ఇవి, వీటికన్నా తేలికైన ఎం1 కార్బైన్లు లెక్కలేనన్ని చేరాయి. 1980ల్లో అందులో కొన్ని అమెరికాకు తిరిగొచ్చాయి కూడా. బారెల్ మీద ‘బ్లూ స్కై’ అన్న ముద్రతో ఇప్పటికీ తుపాకుల సంతల్లో కనిపించేవి అవే. మిగిలిన ఎనభై వేలకు పైబడిన గారండ్లను, లక్షల్లో ఉన్న కార్బైన్లను అమెరికా ప్రైవేటు మార్కెట్‌లో అమ్మాలని 2009లో కొరియా రక్షణ శాఖ అనుకుంది. వాషింగ్టన్ మొదట తలూపి, 2010లో మాట వెనక్కి తీసుకుంది. 2012లో గారండ్లకు మాత్రం పచ్చజెండా అన్నారు. పదిహేను, ముప్పై తూటాల మ్యాగజైన్లు పట్టే కార్బైన్లకు కుదరదన్నారు. దుకాణాల్లో ముందస్తు జాబితాలు కూడా మొదలయ్యాయి. 2013 ఆగస్టు 29న ఒబామా ప్రభుత్వం కొత్త విధానం ప్రకటించింది: అమెరికా నుంచి వెళ్లిన సైనిక ఆయుధాలను ప్రైవేటు వ్యక్తుల కోసం వెనక్కి తెప్పించే దరఖాస్తులను, మ్యూజియంల వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తిరస్కరిస్తామని. డెబ్బై ఏళ్ల నాటి, పది పౌండ్ల బరువున్న రైఫిల్‌తో వీధి నేరం చేసేవాడు ఎక్కడుంటాడని సేకరణదారులు అడిగారు. నాకూ ఆ ప్రశ్న సబబుగానే తోచింది. అయినా ప్రశ్న సబబైనంత మాత్రాన పత్రం కదలదు.

గమనించారా, ఈ నాలుగైదేళ్లలో చట్టం ఒక్క అక్షరం కూడా మారలేదు. ఇవ్వడం, వెనక్కి తీసుకోవడం, మళ్లీ ఇవ్వడం, మళ్లీ మూసేయడం అంతా అధికారుల విచక్షణతోనే జరిగింది. అలా మూసినది అలాగే తెరుచుకోవచ్చు, తెరుచుకున్నది మర్నాడే మూసుకోవచ్చు. అలాంటి దాని మీద ఏ దుకాణదారైనా తేదీ చెబితే, ఆ తేదీకి విలువ లేదు. మీ దగ్గర ముందస్తు సొమ్ము అడిగితే అసలే ఇవ్వకండి.

ఫిలిప్పీన్స్ నుంచి గారండ్లు వచ్చాయి కదా అని మీరు అడగవచ్చు. వచ్చాయి, అదీ పెద్ద సంఖ్యలోనే. కానీ ఆ దారి వేరు. అవి అమెరికా సైన్యం అప్పుగా ఇచ్చిన సరుకు, సొంతదారు సైన్యమే. తిరిగి పుచ్చుకుని, పౌరులకు గురి శిక్షణ కోసం కాంగ్రెస్ 1996లో ఏర్పాటు చేసిన ‘సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం’ అనే సంస్థకు ఇచ్చింది. అలబామాలోని ఆనిస్టన్, ఒహాయోలోని క్యాంప్ పెరీ కేంద్రాలుగా అది అమ్మకాలు జరుపుతుంది. ఇందులో దిగుమతి వ్యాపారి లేడు, దిగుమతి ముద్ర లేదు, ధరా న్యాయంగా ఉంటుంది. గారండ్ కావాలనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఈ సంస్థ పేరే. మీకు మాత్రం ఒక చిక్కుంది. వారు అమెరికా పౌరులకే అమ్ముతారు, పౌరసత్వ పత్రం చూపాలి. గ్రీన్ కార్డు సరిపోదు. పౌరసత్వానికి సాధారణంగా ఐదేళ్ల నిరీక్షణ కాబట్టి, గారండ్ కోరికను అప్పటిదాకా దాచుకోండి. ఈలోగా ఆ సంస్థతో అనుబంధం ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో చేరండి. కొనేటప్పుడు ఆ సభ్యత్వమూ అడుగుతారు.

ఇక కొరియాను పక్కన పెట్టి మొత్తం దిగుమతుల భవిష్యత్తు చూస్తే నాకు పెద్ద ఆశ లేదు. రాజకీయం కన్నా బలమైన కారణం ఒకటుంది. 1950లు, 60ల తర్వాత సైన్యాలు ఆటోమేటిక్ రైఫిళ్లకు మారిపోయాయి. ఎఫ్ఏఎల్, జీ3, ఏకే, ఎం16 వగైరా. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కి పట్టుకుంటే తూటాల వరుస పేలేదేదైనా అమెరికా చట్టం దృష్టిలో మెషీన్ గన్. ఎన్నేళ్లు నిండినా అది పౌరుల కోసం దిగుమతి కాదు. కనుక ప్రతి జనవరికీ యాభై ఏళ్ల గీత ముందుకు జరుగుతున్నా, ఆ గీత దాటి కొత్తగా వచ్చేది దాదాపు ఏమీ లేదు. 1976లో తయారైన సైనిక రైఫిళ్లకు 2026లో యాభై నిండాయి. వాటిలో పనికొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇవాళ ఒక సైన్యం వదిలేసే తుపాకీ ముక్కలు ముక్కలుగా కోసిన విడిభాగాలుగా తప్ప రాదు. ఆ భాగాల్లోనూ బారెల్‌ను 2005లో ఆపేశారు. మిగిలినవల్లా ప్రతి తూటాకూ పిడి లాగాల్సిన బోల్ట్ రైఫిళ్లు, ట్రిగ్గర్ లాగినప్పుడల్లా ఒక్కటే పేలే గారండ్, సోవియట్ ఎస్‌కేఎస్ వంటి కొన్ని సెమీ ఆటోమేటిక్‌లు. ఆ ఊట ఎప్పుడో ఆగింది, చెరువులో ఉన్న నీళ్లే తోడుకుంటున్నారు.

ఆ ఉన్నదానికీ గండ్లు పడ్డాయి. 1994లో చైనా తుపాకుల దిగుమతిని క్లింటన్ ప్రభుత్వం నిలిపేసింది. 1996 ఒప్పందంతో రష్యా నుంచి ఏ రకాలు రావచ్చో జాబితా గీశారు, 2014 తర్వాత ఆంక్షలు బిగిశాయి, 2021లో రష్యా తూటాల కొత్త అనుమతులు కూడా ఆగాయి. తూర్పు యూరప్‌లో పాత నిల్వలను అంతర్జాతీయ నిధులతో కరిగించేశారు. ఇక యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్ తన గిడ్డంగులు తెరిచి మోసిన్లు అమ్ముతుందని ఎవరూ ఎదురుచూడటం లేదు. ఒకప్పుడు పెట్టెలకొద్దీ వచ్చి, ఒక్కొక్కటి వంద డాలర్లలోపు దొరికిన మోసిన్-నాగాంట్ ఇప్పుడు కొన్ని వందల డాలర్లు పలకడానికి కారణం అదే. ఏదో ఒక ఆఫ్రికా దేశపు గిడ్డంగి తెరుచుకుని అప్పుడప్పుడు ఒక సరుకు వస్తూనే ఉంటుంది. ఇథియోపియా నుంచి ఇటీవలి ఏళ్లలో అలాగే వచ్చాయి. కాకపోతే తుప్పు, చెదలు, విరిగిన కర్రలు కూడా దండిగా వస్తాయి. ఫొటో చూసి కొనవద్దు.

మన సంగతికొద్దాం, మీకు అసలు ఆసక్తి అక్కడేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవాన త్రీ నాట్ త్రీకి అధికారికంగా వీడ్కోలు పలికారు. ఇతర రాష్ట్రాల్లోనూ అది అలాగే మూలకు చేరింది. ఆ రైఫిళ్లు విదేశీ సేకరణదారుల కోసం బయటికొస్తాయన్న ఆశ పెట్టుకోకండి. పోలీసు ఆయుధం దారి తప్పితే ఏమవుతుందో చూసిన దేశం మనది. బీహార్ నుంచి బస్తర్ దాకా దోచుకున్న త్రీ నాట్ త్రీల కథలు మన పత్రికలకు కొత్తకాదు. ధ్వంసం చేయడంలో ఉన్న నిశ్చింత వేలంలో లేదని అధికారులు అనుకుంటే తప్పు పట్టలేను.

అయితే మీ కోరిక తీరే దారి వేరే ఉంది, అది ఇప్పటికే మీ రాష్ట్రంలో ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన తుపాకులు దశాబ్దాల కిందటే అమెరికాకు చాలా వచ్చాయి. రెండు రకాలు చూస్తారు. ఒకటి అసలైన త్రీ నాట్ త్రీ, అంటే బ్రిటిష్ కాలపు లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ వన్ మార్క్ త్రీ. రెండోది ఇషాపూర్ 2ఏ, 2ఏ1. 1962లో చైనాతో యుద్ధం తర్వాత, కొత్త 7.62 ఎం.ఎం. తూటాకు సరిపడేలా గట్టి ఉక్కుతో చేసిన లీ ఎన్‌ఫీల్డ్ ఇది. మ్యాగజైన్ పెట్టె పాతదానికన్నా నలుపలకలుగా ఉంటుంది. 2ఏ మీద గురి పలక 2,000 మీటర్ల దాకా ఉంటే, అంత దూరం ఎవడు కొడతాడని 2ఏ1లో 800 మీటర్లకు తగ్గించారు. బోల్ట్ పిడి కింద, కర్ర మొదలయ్యే చోట ఉన్న ఇనుప పట్టీని చూడండి. కిరీటం, దాని కింద జీఆర్ఐ అక్షరాలు ఉంటే ఐదో లేదా ఆరో జార్జి చక్రవర్తి నాటిది. నాలుగు సింహాలు, ఆర్ఎఫ్ఐ అక్షరాలు ఉంటే స్వతంత్ర భారతానిది. పక్కనే సంవత్సరం కొట్టి ఉంటుంది. మీ తాతగారు ఏ సంవత్సరాల్లో సైన్యంలో ఉన్నారో తెలిస్తే ఆ ఏడాది రైఫిలే వెతుక్కోవచ్చు. నేనైతే అదే చేస్తాను, దేశమంతా ఎగబడే గారండ్ వెంట పడను.

ఇంకా వెనక్కి వెళ్లాలనుకుంటే నేపాల్ కథ ఉంది. కాఠ్మాండూలోని లగన్ సిలేఖానా అనే పాత రాజభవనంలో నూట యాభై ఏళ్ల ఆయుధాలు దుమ్ము పట్టి పడివుండేవి. ఈస్టిండియా కంపెనీ కాలపు చెకుముకి తుపాకులు, స్నైడర్లు, మార్టినీ-హెన్రీలు, రాణాల వంశంలోని జనరల్ గహేంద్ర శంషేర్ రూపకల్పన చేసిన, ఆయన పేరుతోనే పిలిచే రైఫిళ్లు. 2003లో రెండు అమెరికా సంస్థలు కలిసి ఆ నిల్వ మొత్తాన్ని కొని ఓడలో తెచ్చుకున్నాయి. ఇక్కడ చట్టం విచిత్రంగా మెతకగా ఉంటుంది. 1898లోగా తయారైనది అమెరికా కేంద్ర చట్టం ప్రకారం ‘తుపాకీ’ కిందికే రాదు, అది పురాతన వస్తువు. దిగుమతి తుపాకులకు కావలసిన అనుమతి దానికి అక్కర్లేదు. ఆ సరుకులోవి ఇప్పటికీ, శుభ్రం చేయని మట్టి పట్టిన స్థితిలో కూడా అమ్ముతున్నారు. గోడకు అలంకారంగా, చరిత్రగా అద్భుతం. నిపుణుడు పరీక్షించకుండా పేల్చాలని మాత్రం చూడకండి, గహేంద్రను అసలే వద్దు.

ఊరికి తీసుకెళ్లే ఆలోచన పూర్తిగా మానేయండి. భారతదేశంలో సామాన్య పౌరుడు విదేశం నుంచి తుపాకీ తెప్పించుకోవడం 1980ల నుంచి దాదాపు మూసుకుపోయింది. గుర్తింపు పొందిన క్రీడా షూటర్లకే మినహాయింపు. అందులోనూ త్రీ నాట్ త్రీ, 7.62 సైన్యం తూటాలు పట్టే రైఫిళ్లు నిషేధిత బోర్ (గొట్టం కొలత) కిందికి వస్తాయి. పొలాల కాపలాకు లైసెన్సు తీసుకున్నవారి దగ్గర .315 బోర్ రైఫిల్ కనిపించడానికి కారణం ఈ నిషేధమే. 2019 సవరణ తర్వాత లైసెన్సున్నా ఒక మనిషికి రెండు తుపాకులే, వారసత్వంగా వచ్చినవి కలిపి. నిషేధిత ఆయుధం అక్రమంగా దొరికితే కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా పద్నాలుగేళ్ల జైలు. విమానాశ్రయంలో ‘ఇది పాత వస్తువండీ’ అన్న మాట ఎవరూ వినరు. నాన్నగారు ప్లేనో వచ్చినప్పుడు చూపించండి. అక్కడా ఒక జాగ్రత్త: ఆయన వచ్చేది సందర్శక వీసా మీద. అలాంటి వీసాలపై ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా చట్టం చెబుతుంది. చూడనివ్వండి, చేతికి ఇవ్వకండి, షూటింగ్ రేంజికి తీసుకెళ్లి కాల్పించాలని ఉబలాటపడకండి.

మీ బావమరిదికీ ఇదే వర్తిస్తుంది. హెచ్-1బీ కూడా తాత్కాలిక వీసాయే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది. కానీ దాని హద్దుల్ని ఇమిగ్రేషన్, తుపాకుల చట్టాలు రెండూ తెలిసిన న్యాయవాదితో మాట్లాడకుండా వాడుకోవడం తెలివితక్కువ. పొరపాటు జరిగితే కేసుతో ఆగదు, దేశం విడిచి వెళ్లమనేదాకా వెళుతుంది. ఆయన పేరున కొనవద్దు, ఆయన డబ్బుతో మీ పేరున ఆయన కోసం అసలే కొనవద్దు. ఆ రెండోది విడిగా ఒక నేరం.

మీకు గ్రీన్ కార్డు ఉంది కనుక మీ వరకు కొనవచ్చు. ఏటీఎఫ్ అనే కేంద్ర సంస్థ పురావస్తు తుపాకుల సేకరణదారులకు ఇచ్చే లైసెన్సుకు దరఖాస్తు పెట్టండి. మూడేళ్లకు 30 డాలర్లు. యాభై ఏళ్లు దాటినవాటిని వేరే రాష్ట్రం నుంచి కూడా నేరుగా ఇంటికే తెప్పించుకోవచ్చు. ప్రతి రాకపోకనూ పుస్తకంలో రాయాలి. పెట్టుబడి గురించి అడిగారు. ఈ లైసెన్సు సేకరణకే, వ్యాపారానికి కాదు. లాభం కోసం కొంటూ అమ్ముతూ ఉంటే డీలరు లైసెన్సు లేనందుకు చిక్కుల్లో పడతారు. ధరలు పెరిగాయన్నది నిజమే. గిడ్డంగులు ఒక్కొక్కటిగా ఖాళీ కావడం వల్ల పెరిగాయి. రేపు విదేశాంగ శాఖ సంతకం ఒకటి పడితే గారండ్ ధర కొంతకాలం దిగనూవచ్చు. మీ పిల్లల చదువు డబ్బు ఇందులో పెట్టకండి.

3,000 డాలర్లతో నేను ఇలా చేస్తాను. మొదట మంచి ఇషాపూర్ 2ఏ1 ఒకటి. తర్వాత జీఆర్ఐ ముద్ర ఉన్న త్రీ నాట్ త్రీ. మిగిలినదాంట్లో ఒక గట్టి ఇనుప బీరువా, కొంత తూటాలకు. కొనే ముందు మూడు విషయాలు చూడండి. బారెల్ మీద దిగుమతిదారు పేరు, ఊరు చెక్కి ఉంటాయి. చట్టం చెక్కమంది కాబట్టి అది లోపం కాదు, కానీ యుద్ధం నుంచి సైనికుడు స్వయంగా తెచ్చుకున్న, ముద్ర లేని రైఫిల్ ధర దీనికి పెట్టకండి. ముందు కర్ర కోసేసి వేట తుపాకీగా మార్చినవాటిని వదిలేయండి. వాటికి సేకరణ విలువా ఉండదు, పురావస్తువుల జాబితాలో చోటూ అనుమానమే. బోల్ట్ మీద సంఖ్య, బాడీ మీద సంఖ్య ఒకటేనా అన్నది మూడోది. వేరైతే తుపాకీ మరమ్మతులు చేసే నిపుణుడితో తూటా గది కొలతలు తప్పక సరిచూపించండి. ఒకటే అయినా చూపించడం మంచిదే. పాత సైనిక తూటాలు చవగ్గా దొరికాయని వాడితే, వాటి అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్లలోని లవణం బారెల్‌ను తినేస్తుంది. ఆ రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించండి. 2ఏ1లో .308 వేట తూటాలు పడతాయి కదా అని ఒత్తిడి ఎక్కువున్నవి కొనకండి, 7.62 నాటో ప్రమాణానికి తయారైనవే అడిగి తీసుకోండి.